పావు తిప్పు

ముందు ఇంజను వేడెక్కాలి.
చల్లగా ఉన్నప్పుడు అదేం చెప్పినా నమ్మకూడదు,
నిద్ర లేస్తూనే మా తమ్ముడు ఆడే మాట లాగే.
అందుకని షెటికాంప్ రేవు దాకా పోయి,
పీతల బోనులు పేర్చిన చోట మలుపు తిరిగి
ఇరవై కిలోమీటర్లు తిప్పి తీసుకొచ్చాను.

సెంటర్ స్టాండు మీదికి ఇద్దరం కలిసి ఎత్తాం.
ఒకప్పుడు ఒక్కదాన్నే ఎత్తేదాన్ని.

ఎనభై మూడు మోడల్ గోల్డ్‌వింగ్.
స్కూలు బస్సు తోలిన జీతంలోంచి సగం నాది,
పీతల పడవల కూలిలోంచి సగం ఆల్ఫేది.
కాగితాల్లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి.
కార్బురేటర్ల కింద దాక్కున్న ఆ నల్లటి మర దగ్గరే
ఇప్పటికీ రాజీ కుదరలేదు.

కుడికి తిప్పితే పెరుగుతుంది, ఎడమకి తిప్పితే తగ్గుతుంది.
వాడు తొమ్మిది వందలంటాడు.
నేను పన్నెండు వందలంటాను.

"ఆగి ఉన్న బండి పరిగెత్తొచ్చిన కుక్కలా రొప్పకూడదు, ఒదీల్.
మొదటి గేరు వేస్తే టంగుమని తన్నుతోంది చూడు."

"ఫ్రెంచ్ మౌంటెన్ ఎత్తు మీద ఇంజను ఆగిపోతే
వెనక లారీ హారన్ వింటూ కూచున్నది నేను, నువ్వు కాదు."

ఆదివారం వాడు తగ్గిస్తాడు.
బుధవారం నేను పెంచుతాను.
అడిగితే ఇద్దరం ఒప్పుకోం.
నలభై ఏళ్ల పావు తిప్పులన్నీ కూడితే
కుడీ ఎడమా కొట్టేసి మిగిలేది సున్నా.

మీటరు ముల్లు అబద్ధాలకోరు,
ఎప్పుడూ నూట యాభై ఎక్కువే చూపిస్తుంది.
అందుకే వాడు దాని వంక చూడడు.
సీటు అంచున అరచెయ్యి ఆన్చి,
కళ్లు మూసుకుని,
చేత్తో వింటాడు.

ఈసారీ ఆన్చాడు. చాలాసేపు.
తీసి చూసుకున్నాడు,
అదెవరి చెయ్యో అన్నట్టు.

ముప్పై ఎనిమిదేళ్లు పడవ డీజిళ్ల మీద అదిరిన వేళ్లు.
చలికాలంలో తెల్లబారి, వేసవికి మళ్లీ మనుషుల్లో పడేవి.
ఈ ఏడు మే నెల వచ్చినా రాలేదు.
నాతో అనలేదు.
చొక్కా గుండీలతో వాడు పడే కుస్తీ చూశాను,
నేనూ అడగలేదు.

"నువ్వు పెట్టు చెయ్యి," అన్నాడు,
"ఏమంటోందో చెప్పు."

ఏమని చెప్పను?
"ఫ్రికో ఉడికే గిన్నె మీద మూత," అన్నాను.
"ఎగరబోయే ముందా, ఎగిరాకా?"
"ఎగిరాక."
"అయితే పావు, ఎడమకి."

తిప్పాను. మణికట్టు కాస్త కాలింది.

"ఇప్పుడు?"
"నిద్రపోతున్న పిల్లి."
"ఎవరి పిల్లి?"
"మనదే."
"అది గురక పెడుతుంది. ఇంకొంచెం. పావు కాదు, గోరంత."

యాక్సిలరేటర్ ఒకసారి గుంజి వదలమన్నాడు.
ముల్లు ఎగిరి, దిగి,
గడప దగ్గర కాస్త తడబడి
నిలదొక్కుకుంది.

"ఇప్పుడు?"

నోటికొచ్చింది చెప్పాను.
"చివరి పిల్లాడు దిగిపోయాక బస్సు.
తలుపింకా మూయలేదు.
వాడు వాళ్లింటి మెట్లెక్కేదాకా చూస్తున్నాను."

"అదీ," అన్నాడు.
అలవాటు కొద్దీ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.
నూనె అంటింది నా చేతులకి.

సూయెత్ గాలి లేచేలా ఉంది, కొండ మీద మబ్బు టోపీ పెట్టింది,
బండి లోపల పెట్టెయ్ అంటూ వెళ్లాడు.

నేను వెంటనే ఆపలేదు.
ఇంటి వైపు వీపు పెట్టి వంగి
నల్ల మరని పావు తిప్పు
కుడికి.

వంటింటి కిటికీ అద్దం మీద రెండు దెబ్బలు.

వేళ్లు పోయాయి గాని
చెవులు ఎక్కడికీ పోలేదన్నమాట.

తల తిప్పకుండానే
సగం వెనక్కి తిప్పాను.
మిగతా సగం నాది.